పెళ్ళికూతురు లేని ఆల్బమ్

మా ఇళ్ళల్లో పాత పెళ్ళి ఆల్బమ్ తెరిచిన బయటివాళ్ళు ముందుగా అడిగే మాట ఒకటే. "పెళ్ళికూతురు ఏదీ?"

పెళ్ళికొడుకు ఉంటాడు. మల్లెపూల సెహ్రా వెనకాల ముఖం కనపడీ కనపడకుండా ఉంటాడు. ఖాజీ ఉంటాడు. వకీలు, ఇద్దరు సాక్షులు ఉంటారు. నిఖా అయ్యాక ఒకర్నొకరు కావిలించుకునే మామూలు, చాచాలు ఉంటారు. దస్తర్‌ఖాన్ ముందు వరసగా కూర్చుని, కెమెరా వైపు చూడాలో వద్దో తేల్చుకోలేక బిర్యానీ ముద్ద నోటి దగ్గరే ఆపేసిన మగవాళ్ళు నాలుగు పేజీల నిండా ఉంటారు. పెళ్ళి ఎవరిదో ఆ అమ్మాయి మాత్రం ఉండదు. ఉంటే ఒక చెయ్యి ఉంటుంది. గోరింటాకు పండిన చెయ్యి, నిఖా పుస్తకంలో సంతకం పెడుతున్న చెయ్యి. మా అమ్మల తరం పెళ్ళి జ్ఞాపకం చాలా ఇళ్ళల్లో ఆ చేతితోనే సరి.

మేము కదిరివాళ్ళం. ఫాల్గుణంలో నరసింహస్వామి తేరు కదిలితే ఊరంతా వీధుల్లో ఉంటుంది, ఆ జనంలో మేమూ ఉంటాం. కదిరి మల్లె స్వామి మెడలోకీ పోతుంది, మా పెళ్ళికొడుకు సెహ్రాలోకీ వస్తుంది. పెళ్ళికూతురికి ధర్మవరం పట్టుచీర ఉండాల్సిందే. శుభలేఖలు అచ్చయి వచ్చాక మొదటిది పెనుకొండ బాబయ్య దర్గాలో పెట్టి వచ్చే ఇళ్ళు మాలో ఉన్నాయి. ఇంట్లో దక్కనీ మాట, గడప దాటితే తెలుగు మాట. మాలోనే దూదేకుల వాళ్ళకి ఇంట్లో కూడా తెలుగే. 2022లో జిల్లాలు మారి మేము అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాం గానీ మా బతుకూ, పెళ్ళీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఈ బతుకంతా మా ఆల్బముల్లో ఉందా? లేదు. ఎందుకు లేదో మేమే చెప్పుకోవాలి.

రీలు కెమెరాల కాలంలో ఒక రీలుకి 36 ఫొటోలు. రీలు ఖరీదు, కడిగించే ఖరీదు, అచ్చు వేయించే ఖరీదు కలిపితే మా బోటి ఇళ్ళకి ఒక్క రీలే గొప్ప. ఆ 36లో ఎవరెవరు దిగాలో నిర్ణయించేది మగవాళ్ళు. బావగారు అలుగుతారని ఒకటి, జమాత్ పెద్దకి మర్యాదగా ఒకటి, కారు దగ్గర ఒకటి, దండలతో రెండు. ఆడవాళ్ళ గదిలోకి కెమెరా పోవాలనుకునేసరికి రీలు అయిపోయేది. అయిపోకపోయినా తీసేవాడు మగవాడు. లోపలనుంచి నానీ గొంతు వినిపించేది. "ఫోటూ నక్కో బేటా." వద్దు నాయనా అని. ఆ ఒక్క మాటతో ఫొటోగ్రాఫర్ వెనక్కి తిరిగేవాడు.

ఫొటో హరామ్ అన్నారు మాకు. ఎవరికి హరామ్? పెళ్ళికొడుక్కి కాని హరామ్ పెళ్ళికూతురికే ఎట్లా అయింది? హజ్‌కి పోవాలంటే పాస్‌పోర్టు, పాస్‌పోర్టుకి ఫొటో. అక్కడ ఎవరూ అడ్డం రాలేదు. 1993లో శేషన్ ఎన్నికల కమిషనర్‌గా ఉండగా ఫొటో గుర్తింపు కార్డులు మొదలయ్యాయి. మా అమ్మలు, అవ్వలు బురఖా ముసుగు పైకి తీసి కెమెరా ముందు కూర్చున్నారు. సర్కారుకి ముఖం చూపించారు. బిడ్డలకి చూపించుకోవడానికి మాత్రం పెళ్ళినాటి ముఖం లేదు. కొందరు అమ్మల మొదటి ఫొటో ఆ ఓటరు కార్డు ఫొటోనే.

మతం తెలిసినవాళ్ళందరూ ఫొటో వద్దన్నారా అంటే అదీ లేదు. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసి 1935లో చనిపోయిన ముహమ్మద్ బఖీత్ ఫొటో వేరు, చేత్తో గీసిన బొమ్మ వేరు అని రాశారు. ఫొటో అంటే ఉన్న నీడని పట్టి నిలపడమేనని ఆయన వాదన. ఆ వాదన ఒప్పుకోని ఆలిములూ ఉన్నారు. ఎవరి మాట వాళ్ళది. కానీ మా పెళ్ళిలోనే దీనికి జవాబుందని మాకు అనిపిస్తుంది. నిఖా అయ్యాక జల్వా జరుగుతుంది. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, పైన ఎర్ర దుపట్టా కప్పి, మధ్యన ఖురాను, అద్దం పెడతారు. పెళ్ళికొడుకు పెళ్ళికూతురి ముఖాన్ని అద్దంలో చూస్తాడు. ఆర్సీ ముసఫ్ అంటారు దీన్ని. అద్దంలో ముఖం చూడడం మా పెళ్ళికే పెద్ద ఘట్టమైనప్పుడు, ఆ ముఖం ఒక కాగితం మీద నిలిచిపోతే వచ్చిన పాపమేమిటి?

పరదా పోకుండా ఫొటో తీసే దారి ఎప్పుడో దొరికింది కూడా. నిజాం కాలంలో పేరు మోసిన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే జనానా స్టూడియో పెట్టారు. లోపల ఫొటోలు తీసింది ఆడమనిషే, కెన్నీ లెవిక్ అనే దొరసాని. అది నవాబుల ఇళ్ళ ఆడవాళ్ళకి అందింది. బీడీలు చుట్టుకునే ఇంటి బిడ్డకి, వేరుశనగ కాయలు వలిచే ఇంటి బిడ్డకి అందలేదు. నూరేళ్ళు దాటినా కదిరిలో మాకు కెమెరా అంటే మగవాడే. అంటే అడ్డం మతం ఒక్కటే కాదు. పేదరికం ఒకటి, మగ పెత్తనం ఒకటి.

ఇప్పుడు రీళ్ళు పోయాయి. ఒక్క పెళ్ళికి వేల ఫొటోలు. ఇప్పుడైనా మా ముఖాలు మాకు వచ్చాయా? పెళ్ళికూతురు వచ్చింది, నిజమే. కానీ ఆమె వెనకాల ఊరు పోయింది. ఆల్బమ్ తయారుచేసేవాళ్ళ దగ్గర ముస్లిం పెళ్ళికని కొన్ని పేజీలు ముందే తయారై ఉంటాయి. ఒక పేజీలో తాజ్‌మహల్, ఒక పేజీలో నెలవంక, ఒక పేజీలో ఎడారి. పెళ్ళి కదిరిలో జరుగుతుంది, ఆల్బమ్ అరేబియాలో జరుగుతుంది. షామియానా ముందు వేపచెట్టు ఉంటే దాన్ని చెరిపేసి ఖర్జూరపు చెట్టు పెడతారు. మా ఇంటి గోడ వాళ్ళకి అందంగా లేదు. సినిమాల్లో సాయిబు ఎట్లా ఉంటాడో ఆల్బములో మేము అట్లా ఉండాలి.

తీసేవాళ్ళ తప్పు అనడం లేదు. వాళ్ళకి మా పెళ్ళి తెలియదు. మేము మీ పెళ్ళిళ్ళకి ఎన్నిసార్లు రాలేదు! జీలకర్ర బెల్లం ఎప్పుడు, గట్టిమేళం ఎప్పుడు, తలంబ్రాలు ఎప్పుడు, అరుంధతి నక్షత్రం ఎప్పుడు, అన్నీ మాకు తెలుసు. అక్షింతలు ఎప్పుడు వెయ్యాలో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా నిఖాలో ముఖ్యమైన క్షణం ఏదో మీకు తెలుసా? గోడ పక్కనే తరతరాలుగా ఉన్నాం. బిర్యానీ రుచి తెలుసు మీకు. బిర్యానీకి ముందు ఏం జరిగిందో తెలియదు. అందుకే కెమెరా పట్టుకున్నవాడు ఖాజీ గడ్డాన్ని పది ఫొటోలు తీస్తాడు, లోపల పెళ్ళికూతురు ఒప్పుదల చెప్పే క్షణాన్ని వదిలేస్తాడు.

మా లోపలి సంగతీ చెప్పాలి. మా పెళ్ళికూతురు మెడలో నల్లపూసల లచ్ఛా పడుతుంది. మీ నల్లపూసలకి అది చెల్లెలు. ఈ నేల మీద మేము ఎన్ని తరాలుగా ఉన్నామో ఆ నల్లపూసలు చెబుతాయి. ఇప్పుడు అది మన రివాజు కాదు, తీసెయ్యమని మాకు చెప్పేవాళ్ళు బయల్దేరారు. సాయిబుకి నల్లపూసలేమిటని అవతలివాళ్ళూ నవ్వుతారు. ఇద్దరూ కలిసి తీసేయించేది ఒకటే, మా తెలుగుతనాన్ని. దూదేకుల ఇళ్ళల్లో ఇది ఇంకా ఎక్కువ. సాయిబులు మీరు సాయిబులు కాదంటారు, తెలుగువాళ్ళు మీరు తెలుగువాళ్ళు కాదంటారు. ఆ పెళ్ళి ఫొటోలు దాచిపెట్టుకోవాల్సినవి కావు, నలుగురికీ చూపించాల్సినవి.

ఫొటో అంటే మా ఆడపిల్లలకి భయం లేదా అంటే ఉంది. ఆ భయం నానీ చెప్పిన భయం కాదు. 2021 జూలైలో సుల్లీ డీల్స్ అని, 2022 జనవరి 1న బుల్లీ బాయి అని రెండు యాప్‌లు వచ్చాయి. చదువుకున్న, రాసే, మాట్లాడే ముస్లిం ఆడవాళ్ళ ఫొటోలు వాళ్ళకి తెలియకుండా తీసుకుని వేలానికి పెట్టినట్టు చూపించారు. ఆ తర్వాత ఏ ముస్లిం తల్లి అయినా బిడ్డ పెళ్ళి ఫొటో స్టూడియో గాజు తలుపు మీదో, సెల్‌ఫోన్‌లోనో కనబడితే ఉలిక్కిపడదా? ముఖం దాచమని ఒకవైపు, దొరికిన ముఖాన్ని సంతలో పెట్టేవాళ్ళు ఒకవైపు. మధ్యలో మా బిడ్డలు.

అయినా ఫొటో వద్దని మేము అనలేం. 2019 ఆగస్టు 31న అస్సాంలో పౌరుల జాబితా వచ్చింది. 19 లక్షలకు పైగా మనుషుల పేర్లు అందులో లేవు. అక్కడ పెళ్ళయి వేరే ఊరికి పోయిన ఆడవాళ్ళు ఫలానా తండ్రి బిడ్డనని చూపుకోవడానికి నానా అగచాట్లు పడ్డారు. లక్షలమంది పంచాయతీ కార్యదర్శి ఇచ్చిన కాగితం తెచ్చుకున్నారు. అది చెల్లుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. తనిఖీ చేసి తీసుకోవచ్చని 2017 డిసెంబరులో కోర్టు చెప్పింది. 2019 డిసెంబరులో పౌరసత్వ చట్టం మారినప్పుడు ఆ వార్తలు వింటూ మా ఊళ్ళల్లోనూ ఇనప్పెట్టెలు తెరుచుకున్నాయి. రేషన్ కార్డులు, బడి సర్టిఫికెట్లు, వాటి కింద నిఖానామాలు. ఒక కాగితంలో బీబీ, ఒక దాంట్లో బేగం, మరో దాంట్లో ఉత్త పేరు. ఒక్క మనిషి ముగ్గురైపోయింది. ఫొటో చూపితే ఏ కచేరీలోనూ పౌరసత్వం ఇవ్వరు, అది మాకు తెలుసు. కానీ ఈ ఊళ్ళో పుట్టాం, ఈ ఊళ్ళో పెళ్ళాడాం అని మాకు మేము చెప్పుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా.

అందుకని పెళ్ళి కుదిరిన ఇంట్లో మేమిప్పుడు ఈ మాటలు చెబుతున్నాం.

మండపం కన్నా ముందు పేరు చూసుకోండి. ఆధార్‌లో, బడి సర్టిఫికెట్‌లో, నిఖానామాలో పెళ్ళికూతురి పేరూ తండ్రి పేరూ ఒకే అక్షరాలతో ఉండాలి. ఖాజీ తొందరలో రాసేస్తాడు, పక్కన కూర్చుని చూడండి. ఆ నకలు పెళ్ళికూతురి చేతికే ఇవ్వండి, మామగారి బీరువాలోకి కాదు. మన రాష్ట్రంలో 2002 నుంచి అన్ని మతాల పెళ్ళిళ్ళూ నమోదు చేయించాలని చట్టముంది. నిఖా చదివాం కదా, చాలదా అని ఊరుకోవద్దు. మెహర్ ఎంతో అందులో అంకెల్లో, అక్షరాల్లో ఉందో లేదో చూడండి. పెళ్ళి జ్ఞాపకాల్లో మొదటిది ఈ కాగితం. మిగతావన్నీ దీని తర్వాతే.

ఫొటోగ్రాఫర్‌ని కుదిర్చేటప్పుడు రేటు ఒక్కటే అడగొద్దు. లోపలి గదికి ఆడమనిషి వస్తుందా అని అడగండి. రాకపోతే కెమెరా పట్టడం వచ్చిన మన పిల్లనే ఆ పనికి పెట్టండి. రాకపోతే నేర్పించండి. కుట్టుమిషన్ నేర్పించిన చేతులకి కెమెరా బరువేమీ కాదు. వకీలు, సాక్షులు ఒప్పుదల అడగడానికి వచ్చే వేళ, జల్వా వేళ, లచ్ఛా కట్టే వేళ ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. మా ఫొటో మీ అద్దాల బీరువాలోనూ, మీ ఫోన్‌లోనూ ప్రచారానికి పెట్టకూడదని బయానా ఇచ్చే రసీదు మీదే రాయించండి. తాజ్‌మహల్ వద్దు, మా ఇంటి గోడే ఉండనివ్వండి అని చెప్పండి. వేపచెట్టుని చెరపొద్దని చెప్పండి.

ఫొటోలకి అందనివి కొన్ని ఉన్నాయి. ముందురోజు రాత్రి డోలక్ ముందేసుకుని ఆడవాళ్ళు పాడే పాటలు. సమధన్‌ని ఆటపట్టించే పాటలు, బిడ్డ వెళ్ళిపోతుంటే పాడే బిదాయీ పాటలు. అవి ఏ పుస్తకంలోనూ లేవు, ఖాలాల నోళ్ళల్లో ఉన్నాయి. ఒక ఫోన్ పక్కన పెట్టి రికార్డు చెయ్యండి. పాడిన ఖాలా పేరు కూడా చెప్పించి రికార్డు చెయ్యండి. వీడియో క్యాసెట్లని చీరల మడతల్లో భద్రంగా దాచుకున్నవాళ్ళం మేము. బూజు పట్టి పోయాయి. బాగున్నవి ఉన్నా వేసి చూసే మిషను ఇంట్లో లేదు. ఇప్పటి పెన్‌డ్రైవ్‌లకీ ఆ గతి పట్టదని ఎవరు చెప్పగలరు? వేలల్లోంచి ఒక యాభై ఏరి కాగితం మీద అచ్చు వేయించండి. వెనకాల పెన్సిల్‌తో పేర్లు, ఊరు, తేదీ రాయండి. వంట దగ్గర నిలబడ్డ ఫూఫీ పేరు, పూలు కట్టిన పక్కింటి అక్క పేరు కూడా రాయండి.

ఇంతా చేసి ఫొటో వద్దని పెళ్ళికూతురే అంటే? వద్దు. అది ఆమె మాట. తియ్యమంటే తియ్యాలి, ఎవరికీ చూపొద్దంటే చూపకూడదు. ఇన్నేళ్ళూ ఆమె ముఖం గురించి నానీ మాట్లాడింది, ముల్లా మాట్లాడాడు, బావగారు మాట్లాడారు, స్టూడియోవాళ్ళు మాట్లాడారు. ఆమెను అడిగినవాళ్ళు లేరు.

పెళ్ళికూతురి ఒప్పుదల లేకుండా ఖాజీ నిఖా చదవడు. వకీలు పోయి, సాక్షుల ముందు ఆమెను అడిగి రావాలి. ఫొటోగ్రాఫర్‌కి బయానా ఇచ్చే ముందు కూడా ఒకరు లేచి లోపలికి పోయి, ఆమెను అడిగి రండి.