కరెంటు బండ్ల కాలంలో డీజిల్ ట్రాక్టర్ ఎందుకు కొన్న: ఒక సీజన్ లెక్క



దసరాకు ట్రాక్టర్, ట్రాలీ తీసుకున్నప్పటి నుంచి ఒకటే ప్రశ్న. "అందరూ కరెంటు బండ్లకు పోతుంటే నువ్వు ఇప్పుడు డీజిల్ మీద పది లక్షలు పెడితివేంది?" అని. ఊళ్లో అడిగినోళ్లు ఉన్నరు, ఫోన్ చేసి అడిగినోళ్లు ఉన్నరు. అప్పుడు జవాబు చెప్పలే. ఇప్పుడు వానాకాలం వడ్లు మిల్లులకు చేరినయి, నా చేతిలో ఒక సీజన్ లెక్క ఉంది. యాసంగికి ముందు మీలో కూడా కొందరు బండి కొనాలని చూస్తున్నరు కాబట్టి దాచకుండా రాస్తున్న. కొంచెం పొడుగు ఉంటది, ఓపికతో చదవండి.

ముందు ఒక మాట. నేను కరెంటు బండికి వ్యతిరేకిని కాదు. పొలం కాడికి పోయేది బ్యాటరీ స్కూటర్ మీదనే. రెండేళ్ల నుంచి పెట్రోల్ బంకు మొఖం చూడలే. మిర్యాలగూడలో ఆటోలు మన కండ్ల ముందే కరెంటువి అవుతున్నయి. ఆ ఆటో డ్రైవర్లను అడగండి, రోజుకు ఎంత మిగులుతుందో వాళ్లే చెప్తరు. కాబట్టి కరెంటు బండి పనికిరాదు అనే వాదన నాది కాదు. ఏ పనికి ఏ బండి అన్నదే లెక్క.

మా పని ఏందో ముందు చెప్తా. మాది సాగర్ ఎడమ కాల్వ కింద ఊరు. సొంతం ఆరెకరాలు, కౌలు నాలుగెకరాలు, అంతా వరి. కోత మిషన్ వడ్లు నేరుగా ట్రాలీలో పోస్తది. పచ్చి వడ్లు అట్లనే మిర్యాలగూడ మిల్లుకు పోవాలె. సర్కారు సెంటరుకు వేస్తే తేమ 17 శాతం లోపు ఉండాలె, అంటే ఆరబోయాలె, కావలి ఉండాలె, వాన వస్తే పట్టాలు కప్పాలె. సన్నాలు పెట్టినోళ్లం ఎక్కువ మంది పచ్చివే మిల్లుకు తోలుతం. పచ్చి వడ్లు కుప్ప మీద ఎక్కువ సేపు ఉంటే వేడెక్కుతయి, రంగు మారుతయి, మిల్లు కాడ రేటు తగ్గుతది. అందుకే మనకు సీజన్‌లో గంటలే డబ్బులు.

మా ఊరి నుంచి మిల్లుకు 22 కిలోమీటర్లు. ట్రాలీలో ఐదు టన్నుల వడ్లు, ట్రాలీ బరువు అదనం. పోయేటప్పుడు గంటన్నర, ఖాళీగా వచ్చేటప్పుడు గంట. పోను రాను నా బండి తాగేది దగ్గర దగ్గర పది లీటర్లు. ఈ పది లీటర్లను గుర్తు పెట్టుకోండి, మొత్తం కథ దీని చుట్టే ఉంది.

లీటరు డీజిల్‌లో ఉన్న శక్తిని కరెంటు లెక్కలో చెప్తే సుమారు 10 యూనిట్లు. కానీ ఇంజన్ అందులో చాలావరకు వేడిగా, పొగగా పోగొడతది. పనికి వచ్చేది మూడు యూనిట్లే అనుకోండి. అంటే పది లీటర్లు కాలిస్తే 30 యూనిట్ల పని. కరెంటు మోటరు అంత వృథా చేయదు, వంద పెడితే ఎనభై ఐదు దాకా పని చేస్తది. కాబట్టి ఇదే ట్రిప్పు కరెంటుతో కొట్టాలంటే బ్యాటరీలో 35 యూనిట్లు కావాలె.

ఇప్పుడు మన దేశంలో వచ్చిన కరెంటు ట్రాక్టర్ల సంగతి చూద్దాం. 2020 డిసెంబర్‌లో సోనాలికా వాళ్లు టైగర్ ఎలక్ట్రిక్ తెచ్చిన్రు. దాని బ్యాటరీ 25.5 యూనిట్లు. రెండు టన్నుల ట్రాలీతో 8 గంటలు నడుస్తదని కంపెనీ చెప్పింది. వాళ్లు చెప్పింది రెండు టన్నులు, మనం వేసేది ఐదు. 2023లో సర్కారు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్లు దుర్గాపూర్‌లో తయారు చేసిన ప్రైమా ఈటీ-11 కూడా చిన్న బండే. ఇవి చెడ్డవి కావు. బత్తాయి తోటలో చెట్ల మధ్య దున్నడానికి, మందు కొట్టడానికి, కూరగాయల సాళ్లలో తిరగడానికి, ఇంటి పక్కనే పొలం ఉన్నోళ్లకు బాగుంటయి. పొగ లేదు, చప్పుడు లేదు, ఖర్చు తక్కువ. బరువు గుంజి దూరం పోవుడు వేరే పని.

"మోటరుకు గుంజే బలం ఉండదా?" అని అడుగుతరు. ఉంటది, ఎక్కువనే ఉంటది. కరెంటు మోటరు మొదటి చుట్టు నుంచే పూర్తి బలం ఇస్తది. దిగబడ్డ ట్రాలీని కదిలించడంలో డీజిల్ ఇంజన్‌కు తీసిపోదు. బ్యాటరీ బరువు కూడా ట్రాక్టర్‌కు మేలే, మనం ముందు ఇనుప దిమ్మెలు కట్టేది అందుకే కదా. తేడా బలంలో లేదు, ఎంతసేపు గుంజగలదు అన్న దాంట్లో ఉంది. డల్లాస్‌లో ఉన్న మా అక్క కొడుకు కూడా ఇదే చెప్పిండు. అక్కడ కరెంటు పికప్ ట్రక్కు వెనక బరువైన ట్రైలర్ కడితే, ఒక్క ఛార్జింగ్‌కు పోయే దూరం దాదాపు సగానికి పడిపోతదట. ఖాళీగా పోయేటప్పుడు చెప్పిన లెక్క, బరువు కట్టినంక పనికిరాదు.

మరి ఛార్జింగ్? ఇంట్లో పదహారు ఆంపియర్ల ప్లగ్గుకు పెడితే గంటకు మూడున్నర యూనిట్ల దాకా ఎక్కుతది. 35 యూనిట్లు ఎక్కాలంటే పది గంటలు. అంటే రోజుకు ఒక్క ట్రిప్పు. "బాయి కాడ త్రీ ఫేజ్ ఉంది కదా, అది ఫ్రీ కదా" అనే తమ్ముళ్లు, జాగ్రత్త. ఉచిత వ్యవసాయ కరెంటు పంపుసెట్టుకు ఇచ్చింది. దాంతో బండికి ఛార్జింగ్ పెడితే ఇచ్చిన పనికి కాకుండా వేరే పనికి వాడినట్టే. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద కేసు రాస్తరు, జరిమానా పడతది.

ఇగ డబ్బు లెక్క. ఇది రెండు వైపులా నిజంగా చెప్తా.

డీజిల్ లీటరు 96 రూపాయలు వేసుకుంటే ట్రిప్పుకు 960. కరెంటు యూనిట్ పది రూపాయలు వేసుకున్నా 35 యూనిట్లకు 350. ట్రిప్పుకు 600 పైన కరెంటు బండే మిగిలిస్తది. ఇది చిన్న మాట కాదు. ఈ సీజన్ 36 రోజుల్లో నేను 58 ట్రిప్పులు కొట్టిన. అందులో ఆరు సొంతం, 52 కిరాయి. మొత్తం మీద 35 వేలు మిగిలేది.

కానీ కిరాయి ట్రిప్పుకు 2,800. కోతలు ఊపు మీద ఉన్న రోజుల్లో రెండు, మూడు ట్రిప్పులు పడినయి. బ్యాటరీ ఎక్కుతుందని బండి ఇంటి కాడ ఉంటే, ఆ రోజు పోయేది 600 కాదు, ఒక్కో ట్రిప్పుకు 2,800. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. కోత మిషన్ మడిలో నిలబడి ట్రాలీ కోసం చూస్తుంటే గంట కిరాయి ఊరికే పోతది. ఆ వడ్లు నా పక్క రైతువి. ఈసారి అక్టోబర్ చివర మొంథా తుఫాను వచ్చి పోయినంక మన పరిస్థితి మీకు తెలిసిందే. పడిపోయిన వరి, నీళ్లు నిలిచిన మడులు, అందరికీ ఒకేసారి బండి కావాలె. మా ఊళ్లో రెండు రాత్రులు కరెంటు లేదు. ఆ రెండు రోజుల్లో నా బండి ఐదు ట్రిప్పులు కొట్టింది. రెండు క్యాన్లలో డీజిల్ ముందే తెచ్చి పెట్టుకున్న కాబట్టి ఆగలే.

ఇట్లని డీజిల్ బండి బంగారు బాతు అనుకోకండి. 52 ట్రిప్పులకు కిరాయి 1,45,600 వచ్చింది. వాటికి డీజిల్ 49,920. డ్రైవర్ తమ్ముడికి రోజుకు 800 చొప్పున 28,800. మిగిలింది 66,880. బండి 7.45 లక్షలు, ట్రాలీ 2.05 లక్షలు, మొత్తం తొమ్మిదిన్నర. చేతి నుంచి రెండున్నర పెట్టి ఏడు లక్షలు అప్పు తీసుకున్న. 11 శాతం వడ్డీ, ఐదేళ్లు, ఆర్నెల్లకు ఒక కిస్తీ. కిస్తీ 93 వేలు. అంటే వడ్ల తోలకం ఒక్కటే కిస్తీ కట్టదు. యాసంగి నాట్లకు కేజీవీల్స్ కట్టి దమ్ము చేస్తేనే మిగతాది పూడుతది. పని చేతిలో లేకుండా పక్కోడు కొన్నడని బండి తెస్తే కిస్తీల కింద పొలం పోతది. మన ఊళ్లల్లో అట్ల పోయిన కుటుంబాలు మనకు తెలియంది కాదు.

కొనేముందు మీరు వినే కొన్ని మాటల సంగతి కూడా తేల్చుకుందాం.

"డీజిల్ ట్రాక్టర్ పదేళ్లకు తుక్కు కింద పోతది" అంటున్నరు. పదేళ్ల డీజిల్ నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి సంబంధించింది. వ్యవసాయ ట్రాక్టర్‌కు మొదట 15 ఏళ్ల రిజిస్ట్రేషన్, తర్వాత ఐదేళ్లకు ఒకసారి రెన్యూవల్ చేసుకోవచ్చు.

"కరెంటు బండికే పన్ను తక్కువ" అన్నది ఇంతకు ముందు మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. నాకు దగ్గర దగ్గర 50 వేలు కలిసొచ్చింది. కరెంటు బండ్ల మీద కూడా ఐదే. అయితే తెలంగాణలో కరెంటు ట్రాక్టర్‌కు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 దాకా పూర్తిగా మాఫీ. తోటలు ఉన్నోళ్లు చిన్న కరెంటు ట్రాక్టర్ చూసుకుంటే ఈ గడువు లోపల చూసుకోండి.

"కేంద్రం సబ్సిడీ వస్తది, ఆగు" అనేటోళ్లు కూడా ఉన్నరు. 2024 అక్టోబర్‌లో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో స్కూటర్లు, ఆటోలు, బస్సులు, అంబులెన్సులు, లారీలు ఉన్నయి, ట్రాక్టర్ లేదు. రాని సబ్సిడీ కోసం ఇప్పుడున్న పని ఆపుకోవద్దు.

ఇంకో మాట, హెచ్‌పీ గురించి. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్-4 కాలుష్య నిబంధన వచ్చింది. వాటికి ఎలక్ట్రానిక్ ఇంజన్లు, సెన్సార్లు. పొగ తక్కువే, కానీ రేటు ఎక్కువ, మన ఊరి మెకానిక్ చేతికి అన్నీ దొరకవు. ఐదు టన్నుల తోలకానికి, పది, పదిహేనెకరాల దమ్ముకు 50 లోపల బండి సరిపోతది. గొప్పకు పెద్ద బండి వద్దు.

నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఐదేళ్లలో అప్పు తీరాలె, ఆ రోజు బండిని అమ్మితే ఎంత వస్తుందన్న ఆశ లెక్కలో ఉండొద్దు. అప్పటికి కరెంటు ట్రాక్టర్లు ఎట్లుంటయో, పాత డీజిల్ బండిని ఎవరు ఎంతకు కొంటరో మన చేతిలో లేదు. అందుకే ఏడేళ్ల అప్పు ఇస్తమన్నా తీసుకోలే.

ఒకటి మాత్రం మనం అందరం కలిసి అడగాల్సింది ఉంది. మిల్లు కాడ మన బండ్లు ఊరికే నిలబడుతున్నయి. ఈ సీజన్‌లో నా బండి లైన్‌లో సగటున ఐదారు గంటలు ఉంది, ఒక్కోసారి రాత్రంతా. మిల్లులకు పెద్ద కరెంటు కనెక్షన్లు ఉంటయి. ఆ లైన్ పొడుగునా ఛార్జింగ్ పాయింట్లు పెడితే, నిలబడ్డ టైమంతా బ్యాటరీ ఎక్కుతది. అప్పుడు మన ట్రిప్పుకు 35 యూనిట్లు పెద్ద లెక్కనే కాదు. మార్కెట్ యార్డుల్లో, కొనుగోలు సెంటర్ల కాడ కూడా అంతే. కరెంటు ట్రాక్టర్ ఊళ్లోకి రావాలంటే అడ్వర్టైజ్‌మెంట్లతో రాదు, వడ్లు దించే కాడ ప్లగ్గు ఉంటే వస్తది. మీటింగులు పెట్టినప్పుడు మద్దతు ధరతో పాటు ఈ మాట కూడా మన నోట రావాలె.

ఇగ మీ లెక్క మీరు వేసుకోండి. కాగితం మీద మూడు అంకెలు రాయండి: సీజన్‌లో బండి ఎన్ని రోజులు ఆగకుండా తిరగాలె, ఒక్క ట్రిప్పుకు ఎన్ని లీటర్లు తాగుతది, ఆర్నెల్ల కిస్తీ ఎంత. ట్రిప్పుకు రెండు, మూడు లీటర్లే అయితే, రాత్రికి బండి ఇంటికి చేరేటట్టయితే, కరెంటు బండి షోరూముకు కూడా ఒకసారి పోయి చూడండి. పది లీటర్లు దాటితే ఇప్పటికైతే డీజిలే. ఏదైనా సరే, ట్రాలీకి వెనక రేడియం స్టిక్కర్లు, ఎర్ర లైటు మాత్రం తప్పకుండా పెట్టించండి. చీకట్లో వడ్ల బండ్లను గుద్దుకొని పోయే పానాలకు ఏ ఇంజన్ అయినా ఒకటే.

ఉంట మరి. యాసంగి నార్లు పోసుకునే పనిలో ఉన్నోళ్లందరికీ మంచి జరగాలె.