పద్దుల కట్ట

లెక్కలు కంప్యూటరున కెక్కినప్పటినుండి తప్పులు నశించినవని తలచువారు మనలో పెక్కండ్రు. కూడిక తప్పులు తగ్గినమాట నిజమే. కాని పూర్వపు గుమాస్తా చిట్టానుండి ఆవర్జాకు పద్దు వెంట పద్దు దింపుచు, అనుమానము తోచినచోట కలము నాపెడివాడు. నేడు వేయి పద్దులనైనను ఒక్క కట్టగా గట్టి ఒక్క మీటతో నెక్కించుచున్నాము. దీనినే బ్యాచి యందురు. అందొక్క పద్దు చెడినను కొన్ని సాఫ్టువేరులు కట్ట నంతయు త్రోసివేయును. మఱికొన్ని మంచివానిని స్వీకరించి చెడ్డవానిని మాత్రము నిలుపును. తమ సాఫ్టువేరు ఈ రెంటిలో నేది చేయునో యెఱుగనివారు త్రోసివేయబడిన కట్టను మరల పంపరాదని మా మతము. సగ మెక్కిన కట్టను తిరిగి పంపినచో ఆ సగము రెండవమారు నెక్కును. సరకు కొన్నవాని బాకీ రెండింత లగును.

ఇట్టి చిక్కులు విప్పుట కొన్నియేండ్లుగా మా వృత్తి. హేతువులు గొప్పవి కావు. తాళము వేసిన మాసపు తేది, ఆవర్జాలో లేని ఖాతా, పేరు చివర కంటి కగపడని ఖాళీ. అన్నింటికంటె మోసకరమైనది తేది. 03-04 అనుదానిని మనము ఏప్రిలు 3 అని చదువగా, అమెరికా పద్ధతి నున్న యంత్రము మార్చి 4 అని గ్రహించును. తప్పని మొఱపెట్టదు, పద్దు నిశ్శబ్దముగా వెనుకటి ఆర్థిక సంవత్సరమునకు పోవును. జమాఖర్చుల తేడా 9 చేత నిశ్శేషముగా భాగింపబడినచో, 540 బదులు 450 పడినట్లు, అంకెలు తారుమారైనవేమో చూడవలెను. ఇది మా పెద్దల కాలపు ఉపాయమే, నేటికిని పనిచేయుచున్నది. యంత్రము చూపు తప్పుల పట్టికను మొదటి పంక్తినుండి చదువవలెను. తరువాతివి తరచుగా మొదటిదాని సంతానమే.

తొందరపడి వెనుకకు మరలుటయు ప్రమాదమే. 2012 జూనులో బ్రిటనునందలి రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండువారు బ్యాచిపనుల సాఫ్టువేరును మార్చి, లోపము కనబడగా, తగిన పరీక్ష లేకయే మార్పును తొలగించిరి. 65 లక్షలకు పైబడిన ఖాతాదారులు ఇక్కట్ల పాలైరి. 2014లో 5 కోట్ల 60 లక్షల పౌనుల జరిమానా పడినది.

ఒకానొక సంస్థవారు వేతనముల కట్టను చక్కబెట్ట మమ్ము పిలిచిరి. క్రొత్త కార్మికుని బ్యాంకు ఖాతాసంఖ్య మొదట నున్న సున్నలు ఎక్సెల్ పట్టికలో రాలిపోయి, రెండు నెలల జీతము తిరిగివచ్చినది. దానిని అనామతు ఖాతాలో వేసి లెక్క ముగించిరి. జమాఖర్చులు సరిపోయినవి, ఆ యింటికి మాత్రము బియ్యము అప్పుమీద వచ్చినవి. తప్పు క్రొత్తగా కొలువున చేరిన యువతిదని నిర్ణయించి, ఆమెను తొలగింప నుండిరి. ఆడవారి లెక్కలిట్లే యుండునని యొకరు నవ్వుటయు వింటిమి. అనామతు ఖాతాలో వేయుమన్న దెవరో ఎవరును అడుగలేదు.

కంపెనీల లెక్కల సాఫ్టువేరు ప్రతి మార్పును తేదితో నమోదు చేయవలెనని 2023 ఏప్రిలు 1 నుండి మన దేశమున నిబంధన కలదు. ఆ నమోదును తెరిపించితిమి. ఆ సంఖ్య యెక్కిన దినము ఆమె కొలువున చేరుటకు పది దినములు ముందటిది. యజమాని చాలసేపు చూచి, అనామతు ఖాతాలో మిగిలిన సొమ్ము లెవరివో వెదకుమని సెలవిచ్చెను. మఱి నాలుగు పేళ్లు దొరకినవి.