బల్ల మీద పాఠం, బల్ల కింద పాఠం

భూకంపం అంటే ఏమిటి? భూమి పైపొరలో హఠాత్తుగా కలిగే కదలిక. రెండు మార్కులు. మన చదువుల్లో చాలామందికి భూకంపం అక్కడితో సరి. రెండు మార్కులకి భూమి అంతకంటే ఎక్కువ కదలక్కర్లేదు మరి!

నిజానికి పాపం టీచర్లు మాత్రం ఏం చేస్తారు? ఆకు గురించి చెప్పాలంటే ఆకు తెచ్చి చూపిస్తారు. అయస్కాంతం గురించైతే అయస్కాంతం తెస్తారు. భూకంపాన్ని క్లాసులోకి ఎవరు తేగలరు? తెస్తే చూడ్డానికి క్లాసు మిగలాలిగా!

మా ఎదురింటి వదిన తెచ్చింది. ఆవిడ హైస్కూల్లో సైన్సు టీచరు. "కథలు రాసేదానివి, పనికొస్తుంది, ఒకసారి వచ్చి చూడు వదినా" అంది. సైన్సంటే ఆమడ దూరం పారిపోయి బి.ఏ.లో చేరిన మనిషిని. అయినా వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను.

"భూమి ఎందుకు కదులుతుందని మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెబుతారర్రా?" అని మొదలుపెట్టింది. "ఆదిశేషుడు తల మార్చుకుంటాడు టీచర్" అన్నాడొక కుర్రాడు. క్లాసంతా గొల్లుమంది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "కింద ఏదో కదిలితేనే పైన మనం కదులుతామని వాళ్ళకి తెలిసింది. ఆ కదిలేదేమిటో మనం చూద్దాం" అని ఒక ఎండుపుల్ల తీసి వంచింది. వంగింది, ఇంకా వంగింది, ఫెళ్ళున విరిగింది. మన దేశాన్ని మోస్తున్న రాతిపలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియాని నెడుతోందట. ఆ ఒత్తిడికి రాయి కూడా పుల్లలాగే ఓర్చి ఓర్చి, ఒకనాడు విరుగుతుంది.

తరవాత పదిమంది పిల్లల్ని భుజాల మీద చేతులేయించి వరసగా నిలబెట్టింది. వెనకవాణ్ణి ముందుకి తోస్తే ఆ తోపు చివరిదాకా పాకింది. అది పి తరంగం. పక్కకి ఊపితే ఆ ఊపు కాస్త నింపాదిగా చేరింది. అది ఎస్ తరంగం. రాతిలో మొదటిది సెకనుకి సుమారు 6 కిలోమీటర్లు పోతే, రెండోది మూడున్నర పోతుందట. రెండింటికీ మధ్య ఎన్ని సెకన్లు తేడా ఉందో చూసి 8తో హెచ్చిస్తే, భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో పుట్టిందో ఇంచుమించుగా తెలుస్తుంది. మన చిన్నప్పటి రైళ్ళ లెక్కే కదూ!

అంతలో ఆవిడ ఉన్నట్టుండి బల్ల దబదబా బాది "భూకంపం!" అని అరిచింది. పిల్లలంతా ఒక్క ఉదుటున గుమ్మం దగ్గరకి ఉరికారు. గుమ్మం ఒకటే, పిల్లలు నలభైమంది. ఒకరి మీద ఒకరు పడ్డారు. "చూశారా, భూకంపం రాకుండానే దెబ్బలు తగిలాయి" అంది. ఊపు ఆగేదాకా బల్ల కింద దూరి, తల కాచుకుని, బల్లకోడు పట్టుకోవాలి. ఆగాక వరసగా మెట్ల మీదుగా బయటికి రావాలి. లిఫ్టు జోలికి పోకూడదు. బయట ఉంటే గోడలకీ స్తంభాలకీ దూరంగా జరగాలి. రెండోసారి బల్ల బాదితే ఒక్కడూ పరిగెత్తలేదు.

ఆ గోడల మాట దగ్గర నాకు అంజార్ గుర్తొచ్చింది. 2001 జనవరి 26న గుజరాత్‌లోని ఆ ఊళ్ళో బడిపిల్లలు గణతంత్ర దినోత్సవం ఊరేగింపుగా ఇరుకు సందులోంచి వెడుతున్నారు. భూమి కదిలి అటూ ఇటూ ఇళ్ళు కూలాయి. 185 మంది పిల్లలు, 20 మంది టీచర్లు పోయారు. వాళ్ళని మింగింది భూమి కాదు, గోడలు. 2004 డిసెంబరు 26న థాయ్‌లాండ్ తీరంలో మరో రకం కథ నడిచింది. సముద్రం తీరు చూసి "సునామీ వస్తోంది" అని గోల పెట్టింది పదేళ్ళ ఇంగ్లండు పిల్ల టిల్లీ స్మిత్. రెండు వారాల కిందటే క్లాసులో విన్నదట ఆ పాఠం. సుమారు వందమంది ఆ పిల్ల మాట వల్ల బతికారు.

"మన వైపు ఎక్కడొస్తాయిలే" అంటారా? 1967లో ఒంగోలు కదిలింది, 1969లో భద్రాచలం కదిలింది. 2024 డిసెంబరు 4న పొద్దున్న 7.27కి ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వస్తే హైదరాబాదు దాకా తెలిసింది. సరిగ్గా మనం పిల్లల క్యారియర్లు సర్దే వేళ!

ఆ రోజు వదిన పిల్లలకి ఇచ్చిన హోంవర్కులో నిర్వచనం లేదు. ఇంటికెళ్ళి, ఎవరి మంచం పైన ఏముందో, ఊగితే ఎవరి తల మీద ఏది పడుతుందో రాసుకురమ్మంది. ఆ ఆదివారం మా వీధిలో నాలుగిళ్ళ అటకలు ఖాళీ అయ్యాయి. పక్కింటావిడ, అత్తగారిచ్చిన ఇత్తడి గంగాళాన్ని దింపిస్తూ, "ఇరవయ్యేళ్ళ నుంచీ ఉంది, ఎప్పుడైనా పడిందా?" అని సణిగింది. కింద మంచం మీద పడుకునేది ఆవిడ మనవడే. కాగితం పట్టుకుని పక్కనే నిలబడి, దిగేదాకా కదల్లేదు వాడు.

ఇంతకీ మీ మంచం పైన ఏముందండీ?