గాజుతొట్టెలో సముద్రము

మా తొందరపాటువలన జరిగిన తప్పిదము నొకదానిని మీతో జెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. చచ్చినవి మూడు చిన్న చేపలే గదాయని కొందఱు తలపవచ్చును. కాని యొక పసిబాలిక తాను చేయని పాపమును తనపై వేసికొని అన్నము ముట్టక యేడ్చినదని వినిన పిమ్మట, అది మాకు చిన్నవిషయముగ దోపలేదు.

మావారు విశాఖపట్టణమునకు సమీపమున, సముద్రతీరమందలి యొక పాఠశాలలో విజ్ఞానశాస్త్రమును బోధించుచున్నారు. మేము బడికి బోయి చదివినవారము కాము. మా తండ్రిగారు ఇంటనే మాకు భారత భాగవతములను, కొన్ని ప్రబంధములను చెప్పిరి. శాస్త్రవిషయములలో మేమెఱిగినది మావారివలన వినినదే. గత సంవత్సరము వారు ఆఱవ తరగతి గదిలో ఉప్పునీటి అక్వేరియము నొకదానిని నెలకొల్ప సంకల్పించిరి. ఆ తరగతి పిల్లలలో పలువురు చేపలవేటకు బోవు కుటుంబములవారు. వలలో బడివచ్చిన చేపను వారు నిత్యము చూచుచుందురు. నీటిలో అది యెట్లు జీవించునో చూచినవారు కారు. అది వారికి జూపవలెనని మావారి కోరిక.

నూఱు లీటర్లు పట్టు గాజుతొట్టె వచ్చినది. ఇసుకను మా వసారాలో పిల్లలతో గూర్చుండి మేమే కడిగితిమి. సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. కావున నూఱు లీటర్లకు మూడున్నర కిలోలు కావలెను. వంటింటి యుప్పు దీనికి పనికిరాదు. సముద్రమునందుండు మెగ్నీషియము, కాల్షియము మొదలైనవి అందు చాలినంతగా లేవు. ఇందులకై ప్రత్యేకముగా అమ్మెడి ఉప్పుమిశ్రమమును దెచ్చి, కుళాయినీటిలోని క్లోరినును మందువేసి విఱిచి, అందు గలిపిరి. హైడ్రోమీటరు 1.025 చూపినది. పంపు, ఫిల్టరు అమర్చిరి. మూడవనాటికి నీరు స్ఫటికమువలె తేటయైనది.

ఆ వారమే పాఠశాలా వార్షికోత్సవము. మావారు “ఇప్పుడే ప్రాణులను విడువరాదు, నెల దినములైన ఆగవలెను” అనిరి. వచ్చిన పెద్దలకు ఖాళీతొట్టెను జూపుట బాగుండదని ప్రధానోపాధ్యాయులవారి అభిప్రాయము. మావారు ఇంటికి వచ్చి ఈ సంగతి జెప్పగా, వారికి బలము చేకూర్పవలసిన మేమే తొందరపెట్టితిమి. “నీరు పన్నీరువలె నున్నదిగదా! ఇంకను దేనికొఱకు చూచెదరు? పిల్లలు ఆశపడుచున్నారు” అంటిమి. వారు కొంతసేపు మాటాడక, “నీవును అట్లే యనుచున్నావా?” అని మాత్ర మడిగిరి. ఆ ప్రశ్న యిప్పటికిని మా చెవులలో నున్నది.

మఱునాడు, అనగా నీరు పోసిన నాలుగవనాడు, ఐదు చేపలు వచ్చినవి. నారింజరంగు మేనిపై తెల్లని పట్టెలుగల క్లౌను చేపలు మూడు. నీలవర్ణముగల డామ్సెలు చేపలు రెండు. వానితోబాటు ఖాళీశంఖములలో కాపురముండు చిన్న పీతలు రెండు. మేత వేయుపనిని మావారు ఒక బాలికకు ఒప్పగించిరి. శనివారమునాడు ఉత్సవము వైభవముగా జరిగినది. వచ్చినవారందఱును తొట్టెముందు నిలిచి మెచ్చుకొనిరి. ఆ మెప్పులో మా వంతును మేము సంతోషముగనే గ్రహించితిమి.

సోమవారము ఉదయమున గది తలుపు తెఱచునప్పటికి ఒక నీలిచేప వెల్లకిల తేలుచున్నది. మిగిలినవి నీటిపైకి వచ్చి నోరు తెఱచుచు, మొప్పలను వేగముగ ఆడించుచు ఎగపోయుచున్నవి. మంగళవారము రెండవ నీలిచేపయు, బుధవారము ఒక క్లౌను చేపయు పోయినవి. అంతయు నయ్యును నీరు ముందటివలెనే తేటగా నున్నది. మావారు పరీక్షపు చుక్కలు వేసి చూడగా, పసుపుపచ్చగ నుండవలసినది ముదురాకుపచ్చగ మాఱినది. అది అమ్మోనియా.

వారు మాకు వివరించిన సంగతి మీకును తెలియజేయుదుము. చేప ఊపిరి తీయునపుడు మొప్పలనుండి అమ్మోనియా వెలువడును. తినగా మిగిలిన మేతయు, మలమును కుళ్ళినను అదియే పుట్టును. సముద్రమున అది అపారజలములో గలిసిపోవును. తొట్టెలో పోవుటకు దారి లేదు. కంటికి కనబడదు; నీటి రంగును మార్చదు; మొప్పలను మాత్రము కాల్చివేయును. సముద్రజలము క్షారగుణము గలది గనుక అందు దీని విషము మఱింత తీవ్రము.

ఈ విషమును విఱుచునవి కొన్ని సూక్ష్మజీవులు. ఒక తెగవి అమ్మోనియాను నైట్రైటుగ మార్చును. అదియును విషమే. రెండవ తెగవి దానిని నైట్రేటుగ మార్చును. నైట్రేటు అంత హానికరము కాదు. అప్పుడప్పుడు కొంత నీరు తీసి క్రొత్తనీరు పోసిన తగ్గిపోవును. ఇట్టి సూక్ష్మజీవులు కలవని రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతముననే నిరూపించెనట. ఇవి నీటిలోకంటె ఇసుకరేణువులమీదను, రాళ్ళమీదను, ఫిల్టరులోని స్పాంజిమీదను అంటుకొని వృద్ధిపొందును. మనము పాలలో వేయు తోడు ఒక్కరాత్రిలో తన పని ముగించును. ఇవి అట్లు కావు. క్రొత్తతొట్టెలో చాలినన్ని యగుటకు సాధారణముగ నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. మేము తోడు వేయని పాలను పెరుగని విస్తరిలో వడ్డించితిమి.

ఆనాటినుండి మావారు దినమునకు నాలుగవవంతు నీరు తీసి, అదే ఉప్పుపాళ్ళు, అదే వెచ్చదనము గల క్రొత్తనీరు పోసిరి. మేత మాన్పించిరి. మిగిలిన రెండు చేపలను, పీతలను, తగిన ఏర్పాటు కుదురగానే, పట్టణమున చేపలమ్మువారి పాతతొట్టెలోనికి పంపిరి. అక్కడ అవి కోలుకొన్నవి.

ఇంతవఱకు చెప్పినది మా మొదటి తప్పు. రెండవది ఇంకొకటి గలదు. బుధవారము రాత్రి మేము మావారితో, “చచ్చినవానివంటివే మూడు చేపలను దెచ్చి విడువరాదా? పిల్లలకు దుఃఖము తప్పును, మీకును మాట రాదు” అంటిమి. వారు “అవియును చచ్చును” అని పండుకొనిరి. మాకు నిద్ర పట్టలేదు.

తెల్లవాఱగనే ఆ బాలిక తల్లి మా వాకిటికి వచ్చినది. తట్ట దించి, “అమ్మగారూ! మా పిల్ల నిన్నటినుంచి కూడు ముట్టడంలేదమ్మా. మేత ఎక్కువేసి చేపల్ని సంపేసేనని ఒకటే ఏడుపు. మాస్టారుగారు కోప్పడతారేమోనని బడికి రానంటోంది” అని కన్నీరు పెట్టుకొన్నది. మేము నిలువునా నీరైపోతిమి. ఆ పిల్ల ప్రేమకొలది రెండు చిటికెలు ఎక్కువ వేసినమాట నిజమే. ఎక్కువమేత అమ్మోనియాను పెంచుననుటయు నిజమే. కాని ఆమె యొక చిటికెడును వేయకున్నను ఆ తొట్టెలో ఆ చేపలకు బ్రతుకు దుర్లభము. తెలిసిన పెద్దలము చేసిన తప్పు, తెలియని పసిదాని తలమీద బడినది. క్రొత్తచేపలను దెచ్చి దాచిపెట్టియుండినచో, ఆ భారమును ఆ బిడ్డ యెన్నాళ్ళు మోసియుండునో!

ఆ పూటనే మావారితోగూడ మేమును తరగతికి బోయితిమి. ఉపాధ్యాయుడు పిల్లలయెదుట తప్పొప్పుకొన్న గౌరవము పోవునని తోటివారొకరు వారించిరి. అయినను మావారు నల్లబల్లమీద అమ్మోనియా సంగతియంతయు వ్రాసి, “నెల ఆగవలెనని నాకు తెలియును. తెలిసియు ఆగలేదు. ఈ తప్పు నాది, మీలో నెవ్వరిదియు గాదు” అనిరి. తరువాత మేము లేచి, “మాస్టారుగారిని తొందరపెట్టినది నేను” అని చెప్పితిమి. అంతమంది యెదుట మాటాడుట మాకదియే మొదలు. మా గొంతు వణకినది. ఆ బాలిక తలయెత్తి మమ్ము చూచినది. మధ్యాహ్నము అన్నము తిన్నదని సాయంకాలము వాళ్ళమ్మ కబురు పంపినది.

ఆనాటి రాత్రి మాకు భాగవతములోని మత్స్యావతారకథ జ్ఞప్తికి వచ్చినది. సత్యవ్రతుని దోసిటిలో బడిన చిఱుచేప రక్షింపుమని వేడగా, ఆయన దానిని కమండలువులో నుంచెను. అది చాలకపోగా అంతకంతకు పెద్ద తావులకు జేర్చి, తుదకు సముద్రమునకు గొనిపోయెను. పండ్రెండేండ్ల వయస్సున తండ్రిగారివద్ద చదువునపుడు అందు భగవన్మహిమనే చూచితిమి. ఇప్పుడు గృహిణులకు బనికివచ్చు మాటయొకటి కనబడినది. శరణని వచ్చిన ప్రాణికి తావు చాలునా లేదాయని చూచుకొనుట చేర్చుకొన్నవారి విధి.

పిమ్మట ఆఱువారములు తొట్టె ఖాళీగనే యుండెను. సూక్ష్మజీవుల పోషణకై మావారు అందులో చిన్న పచ్చిరొయ్యముక్క నుంచిరి. పిల్లలు వంతులవారీగ పరీక్షచేసి గోడకాగితముపై రంగులు వ్రాసిరి. మొదట అమ్మోనియా హెచ్చి తగ్గెను. పిమ్మట నైట్రైటు హెచ్చి తగ్గెను. ఆ యెదురుచూపు దినములలో మావారు మాకొక ఆంగ్లవనిత కథ జెప్పిరి. ఆమె పేరు అన్నా థిన్. 1846 సంవత్సరమున సముద్రతీరమునుండి పగడపు ప్రాణులను లండనునగరమునకు గొనిపోయి, ఇంటిలో పెంచెనట. నీటికి గాలి తగులుటకై ఆమె పరిచారిక కిటికీయొద్ద నిలిచి, ఆ నీటిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి దినదినమును పోయుచుండెడిదట. పంపులు, ఫిల్టరులు లేని కాలమున ఆ ప్రాణులను నిలిపినది ఆ స్త్రీల ఓపికయే.

ఆఱవవారము చివర రెండు విషములును సున్నయని తేలినది. ముందు పీతలు తిరిగి వచ్చినవి. రెండువారములు గడచినపిమ్మట ఒక క్లౌను చేపయు, మఱి రెండువారములకు రెండవదియు వచ్చినవి. ఆ రెండే చాలునని పిల్లలే నిర్ణయించిరి. మేత వేయుపని మఱల ఆ బాలికదే. ఇప్పుడామె వేళ్ళతో తీసిన మేతను వెలుతురునకెత్తి చూచుకొని, సగము తిరిగి డబ్బాలో వేయుచున్నది.

సోదరీమణులారా! మీ బిడ్డలు చేపలతొట్టె కావలెనని యడిగిన కాదనకుడు. ముందు నీరు పోయుడు, చేపలను మాత్రము పిదప దెండు. నడుమనుండు ఆ నెలన్నరలో తొట్టెలో నేమియు జరుగుటలేదని బిడ్డలు విసుగుకొన్నచో, పరీక్షపు చుక్కలు వారి చేతికిచ్చి రంగు మాఱుటను చూడుమనుడు. మీవారు ఆగవలెనని చెప్పినపుడు, మావలె తొందరపెట్టకుడు.