గుర్తు లేని కుక్కరు

మా పాత కుక్కరు పాడైతే, ఫోనులో సగం ధరకే కనబడిన 5 లీటర్ల కుక్కరుకు డబ్బు ముందే కట్టి తెప్పించుకున్నాము. పొయ్యి మీద పెట్టబోతుంటే మా అబ్బాయి ఆపాడు. "అమ్మా, దీనిమీద ఐ.ఎస్.ఐ. గుర్తేదీ?" ఎంత వెదకినా లేదు. 2021 ఫిబ్రవరి నుండి ఆ గుర్తు లేని ప్రెషర్ కుక్కరు మన దేశంలో అమ్మకూడదు. అది పేలితే ఎదుట నిలిచి ఉండేది ఇంటి ఇల్లాలే గదా! తిప్పి పంపుదామంటే వాళ్ళ ఫోను పలకలేదు. ఏడువందలు పోయినా ప్రాణం దక్కింది.

ప్రియ పాఠకులారా, గుర్తు క్రిందనున్న లైసెన్సు నంబరును 'బి.ఐ.ఎస్. కేర్' యాప్‌లో సరిచూడండి. తిప్పి పంపే వీలున్నచోటే కొనండి. నలుగురూ నవ్వుతారని మేము నెలరోజులు ఎవరికీ చెప్పలేదు. మీరు మాత్రం సిగ్గుపడక వినియోగదారుల సహాయ కేంద్రానికి, 1915కు, ఫోను చేయండి.