వేంగికి రెండురోజుల ప్రయాణం

పిల్లలు విదేశాలలో ఉన్న కుటుంబాలలో ఈ మధ్య ఒక కొత్త ముచ్చట వినిపిస్తున్నది. "సెలవులకు మూడురోజులు రోము వెళ్ళివచ్చాం" అని ఒక అబ్బాయి ఫోనులో చెబుతాడు. "మేము ప్రాగు చూచివచ్చాం" అని ఇంకొక అమ్మాయి ఫొటోలు పంపుతుంది. విమానం టిక్కెట్టు చౌకగా దొరికిందట. ఊరి నడిబొడ్డున కాక కాస్త అవతల బస చేశారట. రొట్టెలు సంచిలో వేసుకొని పగలంతా కాలినడకను తిరిగారట. వింటున్న తల్లిదండ్రులకు సంతోషమే. ఒక ప్రాచీన రాజధానిని కొద్దిరోజుల్లో, కొద్ది ఖర్చుతో చూచిరావాలన్న ఆలోచన చక్కని ఆలోచన. మన కొల్లేటి సీమలో కాపురమున్న వారికి అటువంటి రాజధాని ఒకటి బస్సు ప్రయాణమంత దూరంలోనే ఉన్నది. వీసా అక్కరలేదు. దాని పేరు వేంగి.

ఏలూరుకు ఉత్తరంగా పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పెదవేగే ఆనాటి వేంగీపురం. ఈ మాట చెప్పగానే మా ఇంట్లో వచ్చిన మొదటి ప్రశ్న, "ఏమండీ, దిబ్బలు చూడటానికి రెండురోజులెందుకు?" అని. ఆ ప్రశ్నలో న్యాయం ఉన్నది. రోములో శిథిలమైనా సరే కొలోసియం నిలబడి ఉన్నది. ఢిల్లీలో కుతుబ్ మీనారు ఉన్నది. హంపిలో రాతిరథం ఉన్నది. వేంగిలో రాజుగారి మేడ లేదు, కోటగోడ లేదు. నేడు పెదవేగి అనగానే జనానికి గుర్తుకు వచ్చేది పామాయిలు ఫ్యాక్టరీ. పిల్లల చదువుల ధ్యాస ఉన్నవారికైతే నవోదయ విద్యాలయం. కనుక ఏమీ తెలియకుండా సరాసరి బస్సెక్కి అక్కడ దిగినవారు పావుగంటలో విసుగు చెంది తిరిగి వస్తారు. వేంగిని చూడటంలో కిటుకంతా దేని తరువాత దేనిని చూడాలన్న దానిలోనే ఉన్నది.

ముందుగా, పిల్లలకు చెప్పడానికి సరిపడే చరిత్ర. నాలుగవ శతాబ్దంలో గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడు దక్షిణాదిన జయించిన రాజుల పేర్లను అలహాబాదు స్తంభంమీద చెక్కించాడు. వారిలో వేంగి రాజు హస్తివర్మ ఒకడు. ఆయనది శాలంకాయన వంశం. ఈ వంశంవారు చిత్రరథస్వామి అనే పేర సూర్యుణ్ణి కొలిచారు. వారి ముద్రమీద ఎద్దు ఉంటుంది. అంతకు రెండు శతాబ్దాల ముందే అలెగ్జాండ్రియాలో కూర్చుని ప్రపంచ భూగోళం వ్రాసిన టాలెమీ "సాలకెనాయి" అనే జనాన్ని, వారి నగరాన్ని పేర్కొన్నాడు. ఆ జనం శాలంకాయనులేనని చరిత్రకారుల ఊహ. శాలంకాయనుల తరువాత విష్ణుకుండినులు వచ్చారు. ఆ తరువాత బాదామి నుంచి వచ్చిన పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు 624 ప్రాంతంలో ఇక్కడ తూర్పు చాళుక్య రాజ్యం నెలకొల్పాడు. ఆ వంశం నాలుగున్నర శతాబ్దాలు సాగింది. రాజధాని తరువాత రాజమహేంద్రవరానికి మారినా రాజ్యం పేరు వేంగిగానే నిలిచింది. రాజరాజ నరేంద్రుడు ఆ వంశంవాడే. ఆయన కుమారుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడైనాడు.

తెలుగు పాఠం చెప్పి బ్రతికేవాణ్ణి కనుక ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. శాలంకాయనుల శాసనాలలోని అక్షరాలను లిపి శాస్త్రజ్ఞులు వేంగి లిపి అన్నారు. మనమూ కన్నడిగులూ వ్రాసే గుండ్రని అక్షరాలకు అది పూర్వరూపం. తూర్పు చాళుక్యుల నాటికి తెలుగు, శాసనాలకెక్కింది. గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని అద్దంకి శాసనంలో, 848 ప్రాంతంలోనే, తరువోజ పద్యం కనబడుతుంది. అంటే నన్నయ్యగారికి దాదాపు రెండు వందల ఏండ్ల ముందు. మూడవ తరగతి పిల్లవాడు పలకమీద దిద్దే "అ, ఆ"లకు పుట్టినిల్లు చూపిస్తాను రమ్మంటే, ఎంత అల్లరివాడైనా ఒకసారి తలెత్తి చూస్తాడు.

ఇక ప్రయాణం. కార్తికం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఎండ ఉండదు, కొండ ఎక్కవచ్చు, కొల్లేటికి వలసపక్షులూ వచ్చి ఉంటాయి. వానాకాలం వద్దు, ఎందుకో తరువాత చెబుతాను.

మొదటిరోజు కైకలూరులోనే మొదలు పెట్టండి. ఊరికి ఆనుకొన్నట్టుగా ఉన్న ఆటపాక చెరువుకు తెల్లవారేసరికి చేరుకోవాలి. చెట్లమీద, అటవీశాఖవారు కట్టిన మంచెలమీద గూడబాతులు గుంపులు గుంపులుగా ఉంటాయి. పెద్ద పక్షి, పొడుగాటి ముక్కు, ముక్కు క్రింద చేపలు పట్టే సంచి. పిల్ల ఆ సంచిలో తల దూర్చి తల్లి తెచ్చిన చేపను తింటుంటే చూడటం పిల్లలకే కాదు, నావంటి నలభై దాటిన వారికీ వినోదమే. ఎండెక్కేలోగా చూడవలసిందంతా చూడవచ్చు. రాజధాని చూద్దామని బయలుదేరి పక్షులేమిటంటారా? వేంగి రాజులు చూచిన దృశ్యాలలో మన కంటికి ఇంకా కనబడుతున్నది ఇదొక్కటే.

తరువాత ఏలూరు బస్సెక్కండి. ఆ దారి కొల్లేటిని కోసుకొని పోతుంది. కిటికీ ప్రక్కన సీటు పిల్లలకు ఇవ్వండి. పెదయెడ్లగాడి వంతెన దాటుతుంటే రెండువైపులా నీరు, గుఱ్ఱపుడెక్క, నడుమ లంక గ్రామాలు, వాటిచుట్టూ చేపల చెరువుల గట్లు. 1999లో ఈ సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ పట్టికకెక్కింది. 2006లో చెరువుల గట్లు కొట్టివేశారు. ఆ కథంతా కైకలూరు పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. చేపలమీద బ్రతికే కుటుంబం లేని వీధి ఇక్కడ ఎక్కడున్నది?

బస్సులో చెప్పవలసిన కథ వేరు. పులకేశి దండయాత్రను వర్ణించిన ఐహోళె శాసనం 634 నాటిది. అందులో కునాళ సరస్సు దగ్గర జరిగిన ఘోరయుద్ధం ప్రసక్తి ఉన్నది. నీళ్ళు నెత్తురుతో ఎర్రబడినాయంటాడు ఆ కవి రవికీర్తి. ఆ కునాళమే మన కొల్లేరని పండితులు నిర్ణయించారు. శాలంకాయన నందివర్మ వేంగీపురం నుంచి ఇచ్చిన దానశాసనం ఒకటి కొల్లేరు శాసనమనే పేరుతోనే ప్రసిద్ధి. ఊరి పేరు, దానం పట్టిన బ్రాహ్మణుల లెక్క, అన్నీ ఆ రాగిరేకులమీద ఉన్నాయి. రాజు మేడ పోయింది, ఊరి దస్తావేజు మిగిలింది! మా ఊళ్ళో కరణీకం చేసిన పెద్దలు వింటే మురిసిపోయి ఉండేవారు.

తాడేపల్లిగూడెం వైపు నుంచి వచ్చేవారు రైలులో సరాసరి ఏలూరులో దిగవచ్చు. కాని వారు కొల్లేటి దారి పోగొట్టుకుంటారు. అటువంటివారు తిరుగు ప్రయాణమైనా కైకలూరు మీదుగా పెట్టుకోవడం మంచిది.

ఏలూరులో భోజనం చేసి కాసేపు నడుం వాల్చి, మూడు గంటలకు పెదవేగికి బయలుదేరండి. బస్సు ఉంటే బస్సు. నలుగురైదుగురు ఉంటే పెదవేగి, దెందులూరు రెండూ చూపించేలా ఒక ఆటో మాట్లాడుకోవడం మేలు. బేరం ఎక్కకముందే తెంపుకోవాలి సుమండీ. ఎండ వాలినప్పుడు వెళ్ళమనడానికి కారణం ఉన్నది. ఏటవాలు వెలుతురులో దిబ్బలు దిబ్బలుగా కనబడతాయి. మిట్టమధ్యాహ్నం అన్నీ చదునుగానే ఉంటాయి.

మేము వెళ్ళినప్పుడు మా అమ్మాయి దిగీ దిగగానే, "నాన్నా, కోట ఏది?" అన్నది. దారిన పోతున్న ఒక ముసలి రైతు విని నవ్వాడు. "కోటెక్కడిదమ్మా, దిబ్బలేనండి బాబూ. మా చిన్నతనంలో ఇంకా ఎత్తుగా ఉండేయండి. దున్నితే ఇటికలొచ్చేయండి, ఇంతేసి" అని మూరెడు చేతులు చాపి చూపించాడు. ఆ ఇటికలు ఏం చేశారని అడిగాను. "ఏం చేస్తామండి, గోడలకి పెట్టుకున్నామండి" అన్నాడు, దాచకుండా.

ఆ రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. పెదవేగి, దెందులూరుల గుళ్ళ రాళ్ళు ఏలూరు కోట కట్టడానికి తరలిపోయినాయన్నది ఈ ప్రాంతంలో పాతకాలం నుంచీ ఉన్న మాట. పందొమ్మిదవ శతాబ్దపు దొరల పుస్తకాలకు కూడా ఎక్కింది. రోములో జరిగింది మాత్రం వేరా? కొలోసియం రాళ్ళు ఊడదీసి ప్రభువుల భవనాలకూ చర్చీలకూ వాడుకున్నారు. సీజరు నడిచిన ఫోరం శతాబ్దాల తరబడి పశువుల బీడుగా ఉండి, "ఆవుల మైదానం" అన్న పేరే తెచ్చుకున్నది. పందొమ్మిదవ శతాబ్దంలో మట్టి తవ్వితేగాని ఈనాటి యాత్రికులు చూచే రోము బయటపడలేదు. పెదవేగిలో కేంద్ర పురావస్తుశాఖవారు 1980 దశకంలో తవ్వకాలు జరిపారు. ఇటుక కట్టడాల పునాదులు బయటపడ్డాయి. రోములో తవ్వింది తరతరాలుగా. ఇక్కడ తవ్వింది కొద్దిచోట్ల. మిగిలినదంతా పామాయిలు తోటల క్రింద, కొబ్బరిచెట్ల క్రింద, ఇళ్ళ క్రింద ఉన్నది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఒక చెక్క చదును చేసుకుంటూనే ఉంటారు. చూడదలచినవారు ఈ ఏడే చూడటం మంచిదని నేననడం అందుకే.

దిబ్బమీద నిలబడి పిల్లలకు హ్యూయన్‌త్సాంగు సంగతి చెప్పండి. 640 ప్రాంతంలో ఆ చీనా యాత్రికుడు ఆంధ్రదేశానికి వచ్చి, దాని రాజధాని పేరు "పింగ్-కీ-లో" అని వ్రాసుకున్నాడు. వేంగి అన్న మాట ఆయన చెవికి అట్లా వినబడింది! ఇరవై బౌద్ధారామాలు, మూడువేలమంది భిక్షువులు ఉన్నారని లెక్క కూడా వ్రాశాడు. మా అమ్మాయి ఆ రాత్రి ఏలూరు లాడ్జిలో నిద్రపోయేదాకా "పింగ్-కీ-లో" అంటూనే ఉన్నది.

ఏలూరులో బసకు రైలుస్టేషను, బస్టాండుల దగ్గర సామాన్య లాడ్జీలు చాలు. సాయంత్రం మిగిలితే కృష్ణ నీళ్ళు, గోదావరి నీళ్ళు కలిసే కాలువ గట్టున నడిచి రండి. పారశీక పద్ధతిలో తివాచీలు నేసే పని ఈ ఊరికి పాత పేరు. ఆసక్తి ఉన్నవారు వాకబు చేయవచ్చు.

రెండవరోజు తెల్లవారుజామున లేచి కామవరపుకోట బస్సెక్కాలి. అక్కడ దిగి ఆటోలో జీలకర్రగూడెం. ఆ ప్రక్కనే గుంటుపల్లి కొండ. మొదటిరోజు కంటికి ఏమీ ఆనలేదని గొణిగినవారి నోరు ఇక్కడ మూతపడుతుంది. క్రీస్తుకు పూర్వం రెండవ శతాబ్దంలో కొండను తొలిచి చేసిన గుండ్రని చైత్యం అది. లోపల రాతిస్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణం చేయడానికి సన్నని దారి. తలెత్తి చూస్తే పైకప్పులో వాసాలు! పూరింటికి కట్టెలతో వేసే వాసాలను శిల్పి రాతిలో యథాతథంగా దించాడు. మన పల్లెల్లోని చుట్టిల్లు లోపల నిలబడి పైకి చూచినట్టే ఉంటుంది. వేంగిలో కొయ్యతో, ఇటుకతో కట్టినదంతా పోయింది కదా. ఆనాటి ఇంటి కప్పు ఎట్లా ఉండేదో ఈ కొండ మాత్రం దాచి ఉంచింది. ఊరివారు లోపలి స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. ప్రక్కన భిక్షువుల గదులు, పైన ఇటుక చైత్యం, చిన్నా పెద్దా మొక్కుబడి స్తూపాలు వరుసలుగా ఉన్నాయి. మెట్లు నెమ్మదిగా ఎక్కితే ముసలివారికీ కష్టం లేదు. కొండమీద తినడానికి ఏమీ దొరకదనుకొనే వెళ్ళండి. పులిహోర, పెరుగన్నం, నీళ్ళు వెంట ఉండాలి.

ఇంట్లో పెద్దవారుంటే ద్వారకాతిరుమల మాట ఎత్తక మానరు. ఎత్తనివ్వండి. తిరుగుదారిలో అదీ కలుస్తుంది. దర్శనం అవుతుంది, దేవస్థానంవారి అన్నప్రసాదమూ అవుతుంది, బడ్జెట్టులో ఒక పూట భోజనం మిగులుతుంది.

బడ్జెట్టు అన్నాను కనుక: 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేదు. ఆధారు కార్డు మరువకూడదు. కనుక నలుగురున్న కుటుంబంలో ఛార్జీ పెట్టవలసింది సగంమందికే. మిగిలిన ఖర్చు ఒక రాత్రి బస, రెండు ఆటోలు, రెండు పూటల భోజనం. మా ఇంట్లో లెక్క చూచిన ఆమె, "పట్నం వెళ్ళి ఒక సినిమా చూచి హోటల్లో తిని వచ్చినదానికంటే ఎక్కువ కాలేదండీ" అన్నది. దిబ్బల గురించి మొదట అడిగింది కూడా ఆమేనని పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

వానల సంగతి చెబుతానన్నాను. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడు ఎడ్లగాడి దగ్గర రోడ్డుమీదికి నీరు వచ్చి కైకలూరు, ఏలూరుల మధ్య రాకపోకలు నిలిచిపోతాయి. 2024 సెప్టెంబరులో అదే జరిగింది. అటువంటప్పుడు గుడివాడ, హనుమాన్ జంక్షన్ల మీదుగా చుట్టుతిరిగి రావలసిందే. ఎందుకైనా మంచిది, బయలుదేరేముందు కైకలూరు బస్టాండులో ఒకమాట అడగండి. పెదవేగిలో పాత ఇటుకముక్క కాలికి తగిలితే, పిల్లలను చేత్తో పట్టి చూడనిచ్చి, మళ్ళీ అక్కడే పెట్టించి రండి.