పెరట్లో మీటర్ గేజ్

రైల్వేలో పట్టాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం కాచిగూడ - మహబూబ్‌నగర్ మీటర్ గేజ్ లైను మీదే గడిచింది. 1990ల్లో అది బ్రాడ్ గేజ్‌గా మారింది. ఆదిభట్లలో ఇల్లు కట్టుకున్నాక, ఆ పాత లైనునే పెరట్లో చిన్నగా వేస్తున్నాను.

తోట రైళ్లకు ఎక్కువగా వాడే పట్టాల మధ్య వెడల్పు 45 మిల్లీమీటర్లు. జర్మనీలోని లేమన్ కంపెనీ 1968లో ఎల్‌జీబీ పేరుతో ఈ కొలతలో రైళ్లు తెచ్చింది. మీటర్ గేజ్ వెడల్పైన మీటరును 22.5తో భాగిస్తే దాదాపు అంతే వస్తుంది. అందుకే మీటర్ గేజ్ బండికి ఇదే సరైన స్కేలు. నేను ఎంచుకున్నది వైపీ రకం ఆవిరి ఇంజను. అలాంటి వాటిని జంషెడ్‌పూర్‌లో టాటాల టెల్కో కూడా తయారు చేసింది.

బండిని ఇరవై రెండు రెట్లు తగ్గించొచ్చు గానీ ఎండనూ వాననూ తగ్గించలేం. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

ముందు ఎండ సంగతి. నావి ఇత్తడి పట్టాలు. ఇత్తడి ఉక్కు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. జనవరి తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ పట్టా వేడిలో 50 డిగ్రీల తేడా వస్తే, పది మీటర్ల పట్టా సుమారు 9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటివ్వకపోతే లైను పక్కకు వంగిపోతుంది. అందుకే అతుకుల దగ్గర సందు వదలాలి. చల్లటి పూట వేస్తే సందు ఎక్కువ, ఎండలో వేస్తే తక్కువ. పెద్ద లైను మీద కూడా పట్టా వేడి కొలిచాకే మా గ్యాంగు పని మొదలుపెట్టేది.

తర్వాత వాన. జానెడు లోతు తవ్వి, మొరం పోసి దిమ్మిస కొట్టి, పైన క్రషర్ డస్ట్ పరుస్తాను. దాని మీద కంకర. అసలు లైను కంకర 20 నుంచి 65 మిల్లీమీటర్లు ఉంటుంది. స్కేలు ప్రకారం నాకు 1 నుంచి 3 మిల్లీమీటర్లది కావాలి. కానీ జూలైలో ఒక్క జడివాన చాలు, అంత సన్న కంకర కొట్టుకుపోతుంది. అందుకని కాస్త పెద్ద చిప్స్ జల్లెడ పట్టి వాడతాను. కోణాలున్న రాళ్లే కావాలి. ఒకదాన్నొకటి పట్టుకుని స్లీపర్లను కదలనివ్వవు. గుండ్రటి ఇసుకకు ఆ గుణం లేదు.

వంపుల దగ్గర తొందర పనికిరాదు. నా స్కేల్లో పొడవాటి పెట్టె దాదాపు 87 సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో తిప్పితే మూలలు బయటికి పొడుచుకొస్తాయి, కప్లింగులు లాగేస్తాయి. వ్యాసార్ధం మీటరున్నర కన్నా తగ్గనివ్వను. 50 మీటర్ల దూరానికి ఎత్తు ఒక మీటరు కన్నా మించనివ్వను. అది చూడ్డానికి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబే చాలు.

చూడవచ్చిన పిల్లలు ఇంజను దగ్గర మూగుతారు. వాళ్లను నేను పట్టాల వెంట నడిపిస్తాను. పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్ రోజూ సుత్తితో ఎందుకు నడుస్తాడో, ఎక్కడ ఏం చూస్తాడో చెబుతాను. లక్షల మంది ప్రాణాలు ఆ నడక మీద ఆధారపడి ఉంటాయని వాళ్లకు తెలియాలి.

మీరూ వేయాలనుకుంటే ఇంజను తర్వాత కొనండి. ముందు ఒక వానాకాలం పెరట్లో నీళ్లు ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో గుర్తుపెట్టుకోండి. లైను ఎటు వేయాలో అప్పుడు తేల్చుకోవచ్చు.